ఆవకాయ రోజున నాన్నకూ ఓ పని

సెలవు రోజంతా ఇంట్లోవాళ్లతోనే ఉన్నామంటాం. టీవీ నడుస్తుంటుంది, ఎవరి ఫోన్ వాళ్ల చేతిలో ఉంటుంది. అలసిన ఒంటికి అదీ కావాల్సిందే. కానీ మర్నాడు ఆ రోజు గురించి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. కలిసి గడపడానికి తీరిక ఒక్కటే చాలదు, ఎవరో ఒకరికి కొత్తదైన పని కూడా ఉండాలని నా నమ్మకం.

అమెరికన్ మనస్తత్వవేత్త ఆర్థర్ ఆరన్ బృందం 2000లో ప్రచురించిన ఒక పరిశోధన నాకు చాలా ఇష్టం. భార్యాభర్తల చేతుల్నీ కాళ్లనీ జతగా కట్టేసి, ఇద్దరి మధ్యా ఓ దిండు పెట్టి, చేత్తో పట్టుకోకుండా పాకుతూ అడ్డంకి దాటమన్నారు. ఏడు నిమిషాల ఆట. చప్పగా సాగే మామూలు పని చేసిన జంటలకన్నా, ఇలా అవస్థ పడిన జంటలు తమ బంధం గురించి ఎక్కువ సంతృప్తి చెప్పాయి.

మనకు ఆ దిండు అక్కర్లేదు, వేసవిలో ఆవకాయ ఉంది. ముక్కలు మార్కెట్లోనే కొట్టించుకొచ్చినా అసలు పని ఇంటి దగ్గరే. ఒక్కో ముక్కలోంచి జీడి తీసేయాలి, టెంకకు అంటుకున్న పల్చటి పొర గీకేయాలి, పొడిబట్టతో తుడవాలి. కాస్త తడి మిగిలినా బూజు పడుతుంది కాబట్టి తొందర పనికిరాదు. ఆఫీసులో పదిమందికి పని పురమాయించే మనిషి చాప మీద కూర్చుని, ‘ఇంకా పొర ఉంది నాన్నా’ అని కూతురు చెబితే ఆ ముక్క మళ్లీ చేతిలోకి తీసుకోవాలి. కంఫర్ట్ జోన్ దాటడానికి కొండలెక్కనక్కర్లేదు. రోజూ మన మాట వినేవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవడం చాలా కష్టం, అందుకే అంత మేలు.

అమ్మకు ఇంకా కష్టం. ఆయన గంటలో చేసింది తను పావుగంటలో చేసేయగలదు, అయినా ఆ పళ్లెం లాక్కోకుండా ఉండాలి. ఇన్నేళ్లూ వంటిల్లు ఆమె ఒక్కదాని మీదే వదిలేశాం. ఇప్పుడు చెయ్యి వెనక్కి తీసుకొమ్మంటే వెంటనే ఎలా వస్తుంది?

ఎదురుగా కూర్చోబెట్టి చదువు సంగతి అడిగితే ముక్తసరిగా బదులిచ్చే పిల్లాడు, చేతుల్లో పని ఉండి ఎవరూ తన మొహంలోకి చూడనప్పుడు తనే మాట మొదలుపెడతాడు. స్నేహితుడితో గొడవ, లెక్కల పరీక్ష భయం, అన్నీ ఆ ముక్కల మధ్యే బయటికొస్తాయి. అప్పుడు సలహాలివ్వకండి, వినండి.

ఆవపిండి, కారం, ఉప్పు కొలిచి కలపడం, నువ్వుల నూనె పోయడం పిల్లలతో చేయించండి. మూడో రోజు తిరగ కలిపేటప్పుడు ఉప్పు చూసే పని మాత్రం అమ్మమ్మకో నానమ్మకో వదిలేయండి. ఆ అంచనా ఒక్క వేసవిలో రాదు.