తమ్ముడికి, రెండు చిప్‌ల కార్డు గురించి

సికింద్రాబాద్

చిన్నా,

నీ మెసేజ్‌లన్నీ చూశాను, క్యాబినెట్ మూత తీసి పంపిన ఫోటోలు కూడా చూశాను. ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగానికి మళ్లీ రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తావు. అందుకే రాసి పంపుతున్నాను. పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చెయ్యి. ఒకేసారి నాలుగు మార్చావంటే దేనివల్ల బాగుపడిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

"డబ్బులు పోయినట్టే అక్కా, కార్డు చచ్చింది" అని రాశావు. నువ్వు చెప్పినవన్నీ కలిపి చూస్తే నాకలా అనిపించడం లేదు. నువ్వు కొన్నది రేడియన్ ఆర్9 295ఎక్స్2 గ్రాఫిక్స్ కార్డు. 2014 ఏప్రిల్‌లో ఏఎండీ దాన్ని 1,499 డాలర్లకి మార్కెట్లోకి తెచ్చింది. ఒకే బోర్డు మీద రెండు హవాయి చిప్‌లు. అదే చిప్ ఒక్కటి పెట్టి అమ్మింది 290ఎక్స్, నీ ఫ్రెండు దగ్గరున్నది. కాబట్టి నీది వాడి కార్డు కంటే రెండింతలు వేగంగా ఉండాలని లెక్కేసుకున్నావు. ఉండటం లేదు సరికదా, కొన్ని ఆటల్లో వాడిదే నయంగా ఉంది. కోపం రావడం సహజమే. కానీ అమ్మినవాడు దుకాణంలో హెవెన్ బెంచ్‌మార్క్ పెట్టి చూపించిన స్కోరు అబద్ధం కాదు. హెవెన్ లాంటి వాటిలో రెండు చిప్‌లూ చక్కగా పనిచేస్తాయి, ఎందుకంటే డ్రైవర్ రాసినవాళ్లు వాటికి తగ్గట్టు ప్రొఫైల్ రాసిపెట్టారు. నీ ఆటకి రాశారా అన్నదే ప్రశ్న.

ఈ రెండు చిప్‌లు కలిసి ఒక బొమ్మ గీయవు. వంతులేసుకుంటాయి. బేసి ఫ్రేములు ఒకటి, సరి ఫ్రేములు ఇంకొకటి. ఒకదాని మెమరీ ఇంకొకదానికి అందదు కాబట్టి గోడ మీది ఇటుకల బొమ్మ దగ్గర్నుంచి ప్రతిదీ రెండు చోట్లా ఉండాల్సిందే. పెట్టె మీద 8 జీబీ అని రాసున్నా ఆటకి దక్కేది 4 జీబీయే. నువ్వు 8 జీబీ ఉంది కదా అని టెక్స్చర్లు అల్ట్రాలో పెట్టానన్నావు చూడు, ముందు అది దించు. 4 జీబీ నిండిపోతే మిగతాదంతా మామూలు ర్యామ్‌లోకి పోతుంది, అక్కడి నుంచి తెచ్చుకునేటప్పుడల్లా ఆట ఒక క్షణం బిగుసుకుంటుంది. తల తిప్పినప్పుడల్లా స్టక్ అవుతోందన్నావే, దానిలో కొంత భాగం ఇదే అయ్యుంటుంది.

ఇక అసలు పరీక్ష. రేడియన్ సెట్టింగుల్లోకి వెళ్లి, రెండు చిప్‌లనీ కలిపి నడిపే క్రాస్‌ఫైర్ ఆపెయ్. ఒక్క చిప్‌తో ఆడు. అదే ఆట, అదే చోటు, అవే సెట్టింగులు. ఆ అంకె రాసిపెట్టుకో. తర్వాత క్రాస్‌ఫైర్ ఆన్ చేసి మళ్లీ అక్కడే ఆడు. నా దగ్గరికి ఇలాంటి కార్డులు తెచ్చేవాళ్లలో ఎక్కువమంది ఈ ఒక్క పనీ చేయకుండానే తెస్తారు. ఒక్క చిప్‌తో బాగా నడిచి రెండింటితో చెడిందంటే కార్డుకి రోగం లేదు, తేడా డ్రైవర్‌లోనో ఆటలోనో ఉంది. ఒక్క చిప్‌తో కూడా ఫ్రెండు 290ఎక్స్ కంటే బాగా తక్కువ వస్తోందంటే అప్పుడు వేడి, కరెంటు, ప్రాసెసర్ వైపు చూడాలి. ఈ కొలత లేకుండా విండోస్ మళ్లీ వేయించడానికి ఎవరికీ డబ్బులివ్వకు.

ఆడేటప్పుడు ఎఫ్‌పీఎస్ ఒక్కటే చూడకు. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ వేసుకుని, దాంతోపాటు వచ్చే రివా ట్యూనర్‌లో ఫ్రేమ్‌టైమ్ గ్రాఫ్ పెట్టుకో. ఇది నువ్వు కళ్లారా చూడాలి. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లకి రావాలి. అలా వస్తే గ్రాఫ్ దాదాపు గీత గీసినట్టు ఉంటుంది. రెండు చిప్‌లు వంతులేసుకునేటప్పుడు ఒక్కోసారి ఏమవుతుందంటే, ఒక ఫ్రేము 28 మిల్లీసెకన్లకి వస్తుంది, దాని వెనకే ఇంకోటి 5 మిల్లీసెకన్లకే వచ్చేస్తుంది, మళ్లీ 28, మళ్లీ 5. గ్రాఫ్ రంపం పళ్లలా కనిపిస్తుంది. రెండూ కలిపితే 33, అంటే సగటున అదే 60 ఎఫ్‌పీఎస్, మూలనున్న అంకె అదే చూపిస్తుంది. కానీ వెంటనే వచ్చిన ఆ రెండో ఫ్రేము కంటికి ఏ ఉపయోగమూ లేనిది. నీ కన్ను చూస్తున్నది 35, 36 ఎఫ్‌పీఎస్ ఆటని. "అరవై చూపిస్తోంది కానీ అరవైలా లేదు" అన్నావే, నువ్వన్నది అక్షరాలా నిజం. నీ కంటిని నువ్వు నమ్ము.

చాలా ఏళ్లపాటు ఈ మాట చెప్పిన ఆటగాళ్లని "నీ భ్రమ" అని కొట్టిపారేశారు. 2011లో టెక్ రిపోర్ట్ అనే వెబ్‌సైట్‌లో స్కాట్ వాసన్ అనే ఆయన సెకనుకి ఎన్ని ఫ్రేములని కాకుండా ఒక్కో ఫ్రేముకి ఎంతసేపు పట్టిందని కొలిచి చూపించాడు. 2013లో ఎన్‌విడియా స్క్రీన్ మీదికి వచ్చే ప్రతి ఫ్రేమునీ పట్టుకుని కొలిచే ఎఫ్‌క్యాట్ పద్ధతిని బయటపెట్టాక ఇక దాచడానికి లేకుండాపోయింది. ఆ ఏడాది ఆగస్టులో ఏఎండీ ఫ్రేములని సమంగా వదిలే ఏర్పాటుతో కొత్త డ్రైవర్ ఇచ్చింది. ఆ వాసన్ తర్వాత ఏఎండీలోనే చేరాడు. ఒక మనిషి ఓపిగ్గా కొలవడంవల్ల ఒక పరిశ్రమ దారి మార్చుకోవడం నాకు ఇప్పటికీ గొప్పగానే ఉంటుంది.

నీకు రంపం పళ్లు కనిపిస్తే చేయాల్సింది ఒకటుంది. రివా ట్యూనర్‌లోనే ఎఫ్‌పీఎస్‌కి హద్దు పెట్టు. కార్డు కిందామీదా పడి 70 తెస్తోందనుకో, 60 దగ్గర ఆపు. రెండు చిప్‌లకీ ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికి ఫ్రేములు సర్దుకుంటాయి. అంకె తగ్గినా ఆట మెత్తగా నడుస్తుంది.

ఇప్పుడు రెండో చిప్ అసలు పనిచేస్తోందా లేదా చూద్దాం. జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిస్తే కింద రెండు పేర్లు ఎంచుకునేలా ఉంటాయి, ఒక్కోదానికీ సెన్సర్లు వేరు. ఆట నడుస్తుండగా రెండింటి లోడూ చూడు. ఆట లేనప్పుడు రెండోది పూర్తిగా నిద్రపోతుంది, అంకెలు సున్నా చూపించినా కంగారు పడకు, అది కరెంటు ఆదా కోసం పెట్టిందే. ఆట నడుస్తున్నా లేవకపోతేనే అనుమానించాలి. అప్పుడు మొట్టమొదట చూడాల్సింది ఆట ఫుల్‌స్క్రీన్‌లో ఉందా, బోర్డర్‌లెస్‌లో ఉందా అని. కాలేజీ పిల్లలందరూ బోర్డర్‌లెస్ పెడతారు, మధ్యలో డిస్కార్డ్ చూసుకోవడానికి. క్రాస్‌ఫైర్ అసలైన ఫుల్‌స్క్రీన్‌లో తప్ప నడవదు. నీ సగం కార్డు డిస్కార్డ్ కోసం ఊరికే కూర్చుంటోంది.

తర్వాత ఆట సెట్టింగుల్లో డైరెక్ట్ఎక్స్ 11, 12 అని రెండుంటే 11 పెట్టు. ఇది చాలామందికి తిరకాసుగా ఉంటుంది, కొత్తది మంచిది కదా అని. 11 దాకా పని పంచిపెట్టే బాధ్యత డ్రైవర్‌ది. 12లోనూ వల్కన్‌లోనూ అది ఆట రాసేవాళ్ల మీద పడింది. రెండు చిప్‌లున్న కార్డులు ఎంతమంది దగ్గరుంటాయి? వాళ్లకోసం ఎవరు కష్టపడతారు? షాడో ఆఫ్ ద టూంబ్ రైడర్ వాళ్లలా కొందరు కష్టపడ్డారు, ఎక్కువమంది పట్టించుకోలేదు. ఇంకో చిక్కు టీఏఏ అనే అంచులు నునుపు చేసే పద్ధతి. అది ముందు ఫ్రేమును చూసి ఈ ఫ్రేమును సరిచేస్తుంది. ముందు ఫ్రేము ఉన్నది పక్క చిప్‌లో! అది అందేదాకా ఇది ఎదురుచూస్తుంది. వంతులేసుకోవడంలో ఉన్న లాభమంతా అక్కడే పోతుంది. టీఏఏ ఆపి చూడు. రేడియన్ సెట్టింగుల్లో క్రాస్‌ఫైర్ మోడ్‌ని ఏఎఫ్ఆర్ ఫ్రెండ్లీకి మార్చి కూడా చూడొచ్చు. తెర మినుకుమినుకుమంటే వెంటనే వెనక్కి పెట్టెయ్.

డ్రైవర్ గురించి నీ ఆశ కొంచెం తగ్గించాలి. 2021 జూన్‌లో ఏఎండీ ఈ తరం కార్డులన్నింటినీ పాత జాబితాలో వేసేసింది. ఎన్‌విడియా కూడా అదే ఏడాది మొదటి రోజు నుంచి క్రాస్‌ఫైర్ లాంటి తన ఎస్‌ఎల్‌ఐకి కొత్త ప్రొఫైళ్లు ఆపేసింది. కాబట్టి నిన్న మొన్న వచ్చిన ఆటకి రెండో చిప్ లేవడం లేదని రాత్రుళ్లు కూర్చోకు. ఉన్న డ్రైవర్‌ని డీడీయూ అనే టూల్‌తో సేఫ్ మోడ్‌లో శుభ్రంగా తీసేసి, నీ కార్డుకి వచ్చిన ఆఖరు డ్రైవర్ ఒక్కసారి వేసుకో, చాలు. ఈ రకం కార్డులకి ఈ కష్టం మొదట్నుంచీ ఉన్నదే. 1999లో ఏటీఐ రేజ్ ఫ్యూరీ మ్యాక్స్ అని రెండు చిప్‌లతో ఒకటి తెచ్చింది. విండోస్ 98లో నడిచింది. కొన్నవాళ్లు విండోస్ 2000కి మారేసరికి రెండో చిప్‌ని లేపే డ్రైవరే లేదు.

ప్రాసెసర్ సంగతి ఒక్క నిమిషంలో తేలిపోతుంది. రిజల్యూషన్‌ని 1080 నుంచి 720కి దించు. ఎఫ్‌పీఎస్ పెరగలేదంటే కార్డు ఖాళీగానే ఉంది, ప్రాసెసరే అందించలేకపోతోంది. ఈ కార్డు 4కే తెరల కోసం చేసింది. నీ పాత నాలుగు కోర్ల ప్రాసెసర్ మీద, 1080 మానిటర్ మీద, చాలా ఆటల్లో ఇదే జరుగుతుంది. అలాగైతే గ్రాఫిక్స్ తగ్గించి లాభం లేదు, జనం రద్దీ, నీడలు, ఎంత దూరందాకా కనిపించాలన్నది, ఇవి తగ్గించు.

వేడి. ఆట మొదటి పది నిమిషాలూ బాగుండి తర్వాత దిగజారుతోందన్నావు. ఈ కార్డు చిప్‌లని నీళ్లు తిరిగే కూలర్ చల్లబరుస్తుంది, 75 డిగ్రీలు దాటనివ్వదు. ఆ గీత దగ్గరికి రాగానే 1018 మెగాహెర్ట్జ్ నుంచి వేగం తగ్గించేసుకుంటుంది. 25 డిగ్రీల గదిలో దానికి 50 డిగ్రీల వెసులుబాటు ఉంటుంది. బెజవాడ మే నెలలో నీ మేడమీద గదిలో 40 ఉంటే మిగిలేది 35. పైగా ఫోటోలో చూశాను, రేడియేటర్‌ని క్యాబినెట్ అడుగున, ప్రాసెసర్ వేడిగాలి తగిలేలా పడేశావు. దాన్ని వెనక ఫ్యాన్ ఉండేచోట, కార్డు కంటే ఎత్తులో బిగించు, గాలి బయటికి పోయేలా. రేడియేటర్ కార్డు కంటే కింద ఉంటే లోపలి గాలి బుడగలు పైకెక్కి పంపు దగ్గర చేరతాయి. రెక్కల మధ్య దుమ్ము మెత్తటి బ్రష్‌తో తీయి, నడిమి ఫ్యాన్‌ది కూడా. అది కరెంటు మార్చే భాగాలని చల్లబరిచేది, దాన్ని ఎవరూ తలుచుకోరు.

చివరిదే నన్ను భయపెట్టింది. పెద్ద పేలుడు సీన్లో కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోందని రాశావు, ఏదో మామూలు విషయంలా. నీ ఫోటోలో కార్డుకి ఉన్న రెండు 8-పిన్ సాకెట్లకీ ఒకే కేబుల్ వెళ్తోంది, చివర రెండు తలలున్న కేబుల్. ఈ కార్డు 500 వాట్లు తీసుకుంటుంది. స్లాట్ నుంచి 75 కంటే ఎక్కువ రాకూడదు. మిగతా 425 ఆ ఒక్క కేబుల్ మీద. 12 వోల్టుల దగ్గర అది 35 ఆంపియర్లు, ఆ కేబుల్‌లో 12 వోల్టుల తీగలు మూడే. ఒక్కో తీగ మీద సుమారు 12 ఆంపియర్లు! ఏఎండీ అయితే ఒక్కో సాకెట్‌కి 28 ఆంపియర్లు ఇవ్వగల విడి లైను అడిగింది. రెండు కేబుళ్లు, రెండూ ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) నుంచి విడివిడిగా రావాలి. ఈ పూటే కంప్యూటర్ ఆపేసి ఆ ప్లగ్గు తీసి చూడు. ప్లాస్టిక్ పసుపు తిరిగినా, మాడిన వాసన వచ్చినా ఆ కేబుల్ పారెయ్. అది మారేదాకా క్రాస్‌ఫైర్ ఆన్ చేయకు.

ఇదంతా అయ్యాక నా మాట ఇది. జీటీఏ 5, బాటిల్‌ఫీల్డ్ 4, 2013 టూంబ్ రైడర్, ఇలాంటివి రెండు చిప్‌లతో ఆడు, ఆ కార్డు ఎంత బాగుంటుందో అప్పుడు తెలుస్తుంది. కొత్త ఆటలకి ఒకటి ఆపేసి దాన్ని 4 జీబీ 290ఎక్స్ అనుకుని ఆడు. అమ్మినవాడితో గొడవకి వెళ్లకు. ఒక్క చిప్ పరీక్షలో తెర మీద తప్పు గీతలు వస్తే మాత్రం వీడియో తీసి పంపు, అప్పుడు నేనే మాట్లాడతాను.

ఇంకో కేబుల్ కోసం అక్కడ ఏ దుకాణంలోనైనా పడితే అది కొనుక్కురాకు. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్‌ల అమరిక కంపెనీకొక రకం, ఒకే కంపెనీలో మోడల్‌కొక రకం కూడా ఉంటుంది. ప్లగ్గు సరిగ్గా దూరుతుంది, స్విచ్ వేయగానే కార్డు కాలిపోతుంది. నీ ఎస్‌ఎంపీఎస్ పక్కన అంటించిన స్టిక్కర్ మొత్తం కనిపించేలా ఫోటో తీసి పంపు. ఇక్కడ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సరైనది వెతికి బాబాయి వచ్చేటప్పుడు ఇచ్చి పంపుతాను.

మీ అక్క