క్రొత్త పనిముట్టు – పేటెంటు హక్కు
(పంచాయతీ సభ్యులకు పాఠము)

విశాఖపట్టణమునకు సమీపముననున్న ఆనందపురము కూడలిలో తెల్లవారుజామున పూల బజారును చూచినవారికి అచ్చటి శ్రమ తెలియును. చుట్టుప్రక్కల పల్లెల నుండి వచ్చిన బంతి, చామంతి, మల్లె పూలు ఎండ ముదురకముందే అమ్ముడుపోవలెను. ఆలస్యమైనకొలది పువ్వు వాడును, ధర తగ్గును. ఇట్టి చోట కమ్మరి యొకడు, తన భార్య దండలు కట్టుటలో పడు బాధను చూచి, దారమును తానే ముడివేయునట్టి చిన్న పనిముట్టు నొకదానిని తయారు చేసెననుకొందము. అతడు దానిని బజారులో పదిమంది యెదుట నడిపి చూపెను. అందరును మెచ్చుకొనిరి. ఒకరు లోపలి అమరికను సైతము సెల్ ఫోనులో చిత్రము తీసి నలుగురికి పంపిరి. ఆరు మాసములు గడచినవి. పట్టణములోని వర్క్‌షాపు ఒకటి అట్టి పనిముట్టునే తయారుచేసి అమ్మజొచ్చెను. కమ్మరి పంచాయతీ కార్యాలయమునకు వచ్చి, "అయ్యా, ఇది నేను కనిపెట్టినది. నాకు హక్కు లేదా?" అని అడిగినచో సభ్యులు ఏమి చెప్పవలెను?

ఇది ఊహించి చెప్పిన కథయే. కాని ఇట్టి ప్రశ్న ఏ గ్రామమునందైనను పుట్టవచ్చును. దానికి సమాధానము తెలియుటకు పేటెంటు అననేమో ముందుగా గ్రహింపవలెను.

పేటెంటు అననేమి?

పేటెంటు అనునది బిరుదు కాదు, బహుమానము కాదు. అది కనిపెట్టినవానికిని సంఘమునకును నడుమ జరుగు ఒప్పందము. కనిపెట్టినవాడు తన పనిముట్టు ఎట్లు తయారగునో, ఎట్లు పనిచేయునో దాపరికము లేక వ్రాసి ప్రభుత్వమునకు ఈయవలెను. అందులకు ప్రతిగా, దరఖాస్తు పెట్టిన దినము మొదలు 20 సంవత్సరముల వరకు అతని అనుమతి లేక ఇతరులు దానిని తయారుచేయుటకు గాని, అమ్ముటకు గాని వీలులేదు. హక్కు నిలుపుకొనుటకు మూడవ సంవత్సరము నుండి ఏటేటా రుసుము చెల్లింపవలెను. గడువు ముగిసిన పిదప ఆ విద్య అందరి సొత్తగును.

మన దేశమున ఇట్టి చట్టము మొదట 1856లో వచ్చినది. ఆ సంవత్సరమే కలకత్తాకు చెందిన జార్జి ఆల్‌ఫ్రెడ్ డిపెన్నింగ్ అను ఆయన పంకా లాగెడి యంత్రమునకు తొలి దరఖాస్తు పెట్టుకొనెను. ప్రస్తుతము అమలులోనున్నది 1970 నాటి పేటెంట్ల చట్టము. ఇది 1972 ఏప్రిల్ 20వ తేదీ నుండి అమలులోనికి వచ్చి, తరువాత పలుమారులు సవరింపబడినది.

ఆలేరు ప్రాంతపు ఆసు యంత్రము

పెద్ద చదువులు చదివినవారే క్రొత్త వస్తువులను కనిపెట్టగలరను అభిప్రాయము సరికాదు. తెలంగాణమున ఆలేరు మండలము శారాజీపేట గ్రామమునకు చెందిన చింతకింది మల్లేశము గారు చేనేత కుటుంబమున పుట్టినవారు. ఆరవ తరగతితోనే వారి చదువు ఆగిపోయినది. పోచంపల్లి పట్టుచీరెకు మగ్గము మీదికి పోకముందే ఆసు పోయుట అను పని యుండును. మేకుల నడుమ దారమును త్రిప్పుచు, ఒక్కొక్క చీరెకు సుమారు 9,000 పర్యాయములు చేతిని ముందునకు వెనుకకు ఆడింపవలెను. ఈ పని సాధారణముగా ఇంటి ఆడవారిది. మల్లేశము గారి తల్లి లక్ష్మి గారికి ఈ పనిచే భుజములు, మోచేతులు నొప్పులు పుట్టెను. ఆ బాధను చూడలేక వారు 1992లో యంత్రము తయారుచేయుటకు పూనుకొనిరి.

చేతిలోని సొమ్ము వ్యయమైనది. ఇరుగుపొరుగువారు హేళన చేసిరి. హైదరాబాదునకు పోయి కూలిపని చేయుచు మిగిల్చిన పైకముతో ఒక్కొక్క భాగమును అమర్చుకొనిరి. చివరి చిక్కు బాలానగరులోని ఒక కర్మాగారమున నడుచుచున్న యంత్రము కదలికను పరిశీలించినప్పుడు వీడినది. 1999 నాటికి యంత్రము పూర్తియైనది. నాలుగు మొదలు ఆరు గంటలు పట్టు పని సుమారు గంటన్నరలో ముగియ నారంభించినది. తల్లి పేరిట దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టిరి. గ్రామీణ ఆవిష్కర్తలకు తోడ్పడు జాతీయ ఆవిష్కరణల ప్రతిష్ఠానము ఆదుకొన్నది. యంత్రమునకు పేటెంటు లభించినది. 2017లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీతో గౌరవించినది.

ఇందు సభ్యులు గమనింపవలసిన దొకటి కలదు. ఏడు సంవత్సరముల కాలము ఆ యువకుని చుట్టునున్నవారు అది పనికిమాలిన ప్రయత్నమనిరి. మన గ్రామమునను అట్టివాడొకడు ఈనాడు ఏ పాకలోనో ఇనుప ముక్కలతో కుస్తీపట్టుచు ఉండవచ్చును. అతనిని గుర్తించువారు ఎవరు?

దేనికి హక్కు లభించును?

పేటెంటునకు మూడు లక్షణములు ఉండవలెను. మొదటిది – విషయము క్రొత్తదై యుండవలెను. దరఖాస్తునకు పూర్వము ప్రపంచమున ఎచ్చటను వెల్లడియై యుండరాదు. రెండవది – ఆ వృత్తి తెలిసినవానికి సులభముగా తోచునది కాక, అందు కొంత ముందడుగు ఉండవలెను. మూడవది – అది తయారీకి గాని, వాడుకకు గాని పనికిరావలెను.

తిరునాళ్లలోను, పట్టణముల ఉద్యానములలోను పిల్లలు ఎక్కి నడుపు బ్యాటరీ బండ్లను చూచియుందురు. బ్యాటరీ పాతది, మోటారు పాతది, చక్రము మరింత పాతది. వీనిని చేర్చి బండి చేసితినన్నంత మాత్రమున ఈనాడు హక్కు రాదు. కాని బిడ్డ పాదము తీసిన వెంటనే కుదుపు లేక బండి నిలుచునట్లు ఎవరైన క్రొత్త అమరిక చేసినచో, ఆ అమరికకు మాత్రము పేటెంటు పొందవచ్చును. అనగా హక్కు బండికి కాదు, అందలి క్రొత్తదనమునకు. ఒకే వస్తువునందు పలువురి పేటెంట్లు ఉండుటయు కలదు.

వ్యవసాయ పద్ధతులకును, వైద్యుడు చేయు చికిత్సా విధానములకును మన చట్టము పేటెంటు ఈయదు. నాటు వేయు పద్ధతికి హక్కు లేదు. నాటు వేయు యంత్రమునకు కలదు. శస్త్రచికిత్సా విధానమునకు హక్కు లేదు. అందు వాడు పరికరమునకు కలదు. మొక్కలు, విత్తనములు పేటెంటునకు లోబడవు. వానికి 2001 నాటి వేరొక చట్టము కలదు. దాని ప్రకారము రైతు తాను పెంచి కాపాడిన వంగడమును తన పేర నమోదు చేయించుకొనవచ్చును.

తరతరముల వృత్తివిద్యకు పేటెంటు వర్తింపదు. ఏటికొప్పాక గ్రామపు అంకుడు కర్ర లక్కబొమ్మలు ఇందులకు ఉదాహరణము. వానికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇది ఒక్క వ్యక్తి హక్కు కాదు. ఆ ప్రాంతపు పనివారందరి పేరును కాపాడునది.

మందులు, వైద్య పరికరములు

పేటెంటు వలన కనిపెట్టినవానికి ప్రోత్సాహము కలుగుట నిజమే. కాని ఒక్కరికే హక్కు ఉన్నచో ధర పెరుగుటయు నిజము. ప్రాణరక్షణకు సంబంధించిన వస్తువుల విషయమున ఈ చిక్కు మిక్కిలి కఠినమైనది. అందుచేత చట్టము ఒక మార్గమును ఉంచినది. పేటెంటు ఇచ్చిన మూడు సంవత్సరముల తరువాత ఆ వస్తువు ప్రజలకు చాలినంత దొరకనిచో, అందుబాటు ధరకు లభింపనిచో, లేక దేశమున వినియోగమునకు రానిచో, దానిని తయారుచేయుటకు ప్రభుత్వాధికారి వేరొకరికి అనుమతి ఈయవచ్చును. దీనినే నిర్బంధ లైసెన్సు అందురు.

మన దేశమున మొదటి నిర్బంధ లైసెన్సు 2012 మార్చిలో హైదరాబాదునకు చెందిన నాట్కో ఫార్మా సంస్థకు లభించినది. బేయర్ సంస్థ పేటెంటు కలిగిన సొరాఫెనిబ్ అను క్యాన్సరు మందు నెలకు సుమారు 2,80,000 రూపాయలు ఖరీదు చేయుచుండగా, నాట్కో దానిని 8,880 రూపాయలకు అమ్మవలెనని నిర్ణయమైనది. అయితే పేటెంటుదారుని హక్కు పూర్తిగా పోలేదు. అమ్మకములపై అతనికి కొంత శాతము చెల్లింపవలసినదిగా ఆదేశింపబడినది. కనిపెట్టినవాని శ్రమకును రోగి ప్రాణమునకును నడుమ చట్టము తూచు త్రాసు ఎట్టిదో ఇందు కనబడును.

వైద్య పరికరముల విషయమున మన విశాఖ ప్రాంతమునకు ప్రత్యేకత కలదు. పెదగంట్యాడ సమీపమున సుమారు 270 ఎకరములలో నెలకొల్పిన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ 2018లో ప్రారంభింపబడినది. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు శ్వాస యంత్రములు, పరీక్షా సామగ్రి ఇచ్చట తయారైనవి. పరికరములను దిగుమతి చేసికొను ప్రాంతమే వానిని తయారుచేయు ప్రాంతము కాగలదనుటకు ఇది నిదర్శనము.

ఊరి విజ్ఞానము ఊరిదే

మరియొక వైపు కూడ చూడవలెను. మన ఇండ్లలో గాయమునకు పసుపు అద్దుట ఎరుగనివారు లేరు. అయినను గాయములు మాన్పుటకు పసుపు వాడుకపై 1995లో అమెరికాయందు మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్య కేంద్రమునకు పేటెంటు ఈయబడినది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి దానిని సవాలు చేసెను. "మా అవ్వలు చెప్పిరి" అనిన చాలలేదు; వ్రాతమూలమైన సాక్ష్యము కావలసి వచ్చెను. సంస్కృత గ్రంథములు, 1953లో భారత వైద్య సంఘ పత్రికలో వెలువడిన వ్యాసము మున్నగునవి చూపిన మీదట 1997లో ఆ పేటెంటు రద్దయినది. వేప నుండి తీసిన శిలీంధ్ర నాశినిపై ఐరోపాలో ఇచ్చిన పేటెంటు కూడ 2000లో రద్దయి, అప్పీలు ముగియునప్పటికి 2005 వచ్చినది.

దీని నుండి పంచాయతీలు నేర్వవలసిన పాఠమేమి? వ్రాతలో నున్నదే సాక్ష్యమగును. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య నిర్వహణ సంఘమును ఏర్పరచి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును సిద్ధపరుపవలెను. ఊరి చుట్టునున్న మొక్కలు, వంగడములు, పశుజాతులు, వాని వాడుక తెలిసిన వృద్ధుల అనుభవము అందు చేరవలెను. ఈ రిజిస్టరును బీరువాలో పెట్టి తాళము వేయు లాంఛనముగా భావింపరాదు. పొలము గట్టునకు హద్దురాయి ఎట్టిదో ఊరి విజ్ఞానమునకు ఈ రిజిస్టరు అట్టిది. అయితే ఒక కుటుంబము గోప్యముగా కాపాడుకొను విద్యను వారి సమ్మతి లేక అందు వ్రాయరాదు.

దరఖాస్తు విధానము

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారు చెన్నైలోని పేటెంటు కార్యాలయమునకు దరఖాస్తు చేసికొనవలెను. ఇంటర్నెట్టు ద్వారా కూడ పంపవచ్చును. ప్రస్తుత నిబంధనల ప్రకారము ఇంటర్నెట్టు ద్వారా పంపు వ్యక్తులకు దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. యంత్రము ఇంకను మెరుగుపడవలసి యున్నచో మొదట తాత్కాలిక వివరణ పత్రము దాఖలు చేసి, 12 మాసముల లోపల పూర్తి వివరణ పత్రము ఈయవచ్చును. దీని వలన తేదీ దక్కును. సాధారణముగా 18 మాసముల తరువాత దరఖాస్తు ప్రకటింపబడును. పరీక్షింపుడని వేరుగా, 31 మాసముల లోపల కోరవలెను. ఇందులకు వ్యక్తులు 4,000 రూపాయలు చెల్లింపవలెను. ఈ పరీక్షలో నెగ్గిన పిదపనే పేటెంటు లభించును. దరఖాస్తు రసీదును చూపి "నాకు పేటెంటు వచ్చినది" అనుట తప్పు. అట్లు అబద్ధపు ముద్ర వేసి వస్తువును అమ్మినచో శిక్షార్హము.

మన దేశపు పేటెంటు మన దేశమునందే చెల్లును. అట్లే విదేశమున మాత్రము తీసికొనిన పేటెంటు ఇచ్చట చెల్లదు. గడువు తీరిన పేటెంట్ల వివరణలను ఎవరైనను ఉచితముగా చదివి, ఆ వస్తువులను తయారుచేసికొనవచ్చును. గ్రామ యువకులకు ఇది తరుగని పాఠశాల.

కమ్మరికి సమాధానము

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఆనందపురపు కమ్మరి దరఖాస్తునకు ముందే తన పనిముట్టు లోగుట్టును బజారున వెల్లడించెను. ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిన ప్రదర్శనల వంటి కొలది సందర్భములకు మాత్రమే చట్టమున 12 మాసముల మినహాయింపు కలదు. బజారు అందు చేరదు. కావున ఆ పనిముట్టుపై అతనికి హక్కు దక్కుట దుర్లభము. అయితే వర్క్‌షాపువారికి కూడ దానిపై పేటెంటు పొందు వీలు లేదు. వారు దరఖాస్తు పెట్టినచో, పేటెంటు మంజూరు కాకముందే ఎవరైనను అభ్యంతరము తెలుపవచ్చును. బజారులో చూచినవారి వాఙ్మూలములు, తేదీతో నున్న ఆ చిత్రము అప్పుడు అక్కరకు వచ్చును. కమ్మరి దానికి మరింత మెరుగు చేసి, ఆ మెరుగును ఎవరికిని చూపకముందే దరఖాస్తు చేసినచో, దానికి హక్కు పొందు దారియు తెరచియే యున్నది.

కాని ఈ ఓదార్పు కన్న ముందు జాగ్రత్త మేలు. సభ్యులు ఈ మాటను ప్రతి గ్రామసభలోను చెప్పవలెను: ముందు వ్రాత, పిదప ప్రదర్శన. క్రొత్త పనిముట్టు చేసినవాడు తేదీ వేసి, బొమ్మ గీసి, పనిచేయు విధమును పుస్తకమున వ్రాసికొనవలెను. దరఖాస్తు తేదీ చేతికి వచ్చిన తరువాతనే బజారునకు తేవలెను. సహాయము కావలసినవారు జాతీయ ఆవిష్కరణల ప్రతిష్ఠానమునకు గాని, హైదరాబాదునందలి పల్లె సృజన సంస్థకు గాని తెలుపవచ్చును.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమున క్రొత్త పనిముట్టు తయారుచేసినవారు ఎవరైన కలరా? వారికి దరఖాస్తు విషయము తెలియునా?

2. మన జీవవైవిధ్య రిజిస్టరు ఎప్పుడు వ్రాయబడినది? అందు చేరని మొక్కలు, వంగడములు ఏవి?

3. మన ఊరి ఆడవారు, కూలీలు ఏ పనిలో అధికముగా శరీరశ్రమ పడుచున్నారు? ఆ శ్రమను తగ్గించు పనిముట్టు చేయగల చేతులు మన ఊరిలో ఎవరివి?

మూడవ ప్రశ్నను తేలికగా తీసికొనరాదు. ఆసు యంత్రము పుట్టినది తల్లి భుజము నొప్పిని కొడుకు చూచుట చేతనే. పంచాయతీ కూడ తన గ్రామము నొప్పిని అట్లు చూడగలిగినచో, మార్గము చూపుటకు చట్టము సిద్ధముగనే యున్నది.