పాత జీపు ఇంజను నిలుకడ నడక : దోషపరీక్షా క్రమము

వైద్యుడు రోగిని పరుగెత్తించి నాడి చూడడు, కూర్చుండబెట్టి చూచును. ఇంజను విషయమునను ఇదే న్యాయము. బండి నిలిచి, గేరు న్యూట్రల్‌లో ఉండి, యాక్సిలరేటరుపై పాదము లేనప్పుడు ఇంజను తనంతట తాను నెమ్మదిగా తిరుగుచుండుటను షెడ్లలో ఐడ్లింగ్ అందురు. దీనినే ఈ వ్యాసమున నిలుకడ నడక అని వ్యవహరింతము. వేగముగా పోవునప్పుడు దాగియుండు లోపములు ఈ స్థితిలో బయటపడును. కావున నిలుకడ నడకను పరీక్షింప నేర్చినవాడు ఇంజను ఆరోగ్యమును సగము తెలిసికొన్నవాడే.

మన తీరమునకు జీపు

రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941 నుండి, అమెరికా సేనల కొరకు విల్లీస్ సంస్థ నాలుగు చక్రములకును శక్తినందించు చిన్న బండిని విస్తారముగా నిర్మించెను. అదియే జీపు. 1945లో లూధియానాలో మహీంద్రా సోదరులును, మాలిక్ గులాం మహమ్మద్‌ను కలిసి 'మహీంద్రా అండ్ మహమ్మద్' అను సంస్థను స్థాపించిరి. దేశవిభజన పిమ్మట గులాం మహమ్మద్ పాకిస్తాను ప్రథమ ఆర్థికమంత్రి అయ్యెను. 1948లో సంస్థ పేరు 'మహీంద్రా అండ్ మహీంద్రా'గా మారెను. స్వాతంత్ర్యానంతరము ఈ సంస్థయే విల్లీస్ జీపులను మనదేశమున కూర్చి, క్రమముగా ఇచటనే తయారుచేసినది. 1953లో అమెరికాలో వెలువడిన సి.జె. 3-బి రకము మనదేశమున దశాబ్దముల తరబడి నడచినది. దాని 'హరికేన్' పెట్రోలు ఇంజనుకు నాలుగు సిలిండర్లు. ఘనపరిమాణము సుమారు 2,200 ఘన సెంటీమీటర్లు. ఇన్‌లెట్ వాల్వులు పైనున్న హెడ్డులోను, ఎగ్జాస్ట్ వాల్వులు క్రింది బ్లాకులోను ఉండుట దీని ప్రత్యేకత.

నెల్లూరు నుండి మైపాడు వైపు పోయినను, కృష్ణపట్నము వైపు పోయినను, బకింగ్‌హామ్ కాలువ దాటిన పిమ్మట ఇసుక నేల ఎదురగును. అట్టి నేలపై నిలుకడ నడక విలువ లెక్కకు అందును. సి.జె. జీపు మొదటి గేరు నిష్పత్తి సుమారు 2.8, ఫోర్‌వీల్ లో గేరు నిష్పత్తి 2.46, ఇరుసు నిష్పత్తి 5.38. ఈ మూటిని గుణింపగా 37 వచ్చును. నిమిషమునకు 600 చుట్లు తిరుగు ఇంజను చక్రమును 16 చుట్లు మాత్రమే త్రిప్పును. చక్రపు చుట్టుకొలత రమారమి 2.2 మీటర్లు కావున బండి గంటకు సుమారు 2 కిలోమీటర్లు సాగును. అనగా మనిషి నడకలో సగము! ఇసుకలో చక్రము దిగబడకుండ దాటించునది ఈ మందగమనమే. 1984 నవంబరులో శ్రీహరికోట సమీపమున తీరము దాటిన తుపాను వంటి విపత్తులలో, నీట మునిగిన బాటపై ఇంజను ఆగినచో లోనున్నవారి ప్రాణములకే ముప్పు. కావున ఇది వినోదపు విద్య కాదు.

నిలుకడలో జరుగునదేమి?

కార్బొరేటరులో ఇరుకైన కంఠము కలదు. ఇరుకు చోట గాలి వేగము హెచ్చి, పీడనము తగ్గును. ఈ సూత్రమును బెర్నూలీ 1738లో ప్రకటించెను. వెంచురీ 1797లో ఇరుకు గొట్టములలో ప్రవాహమును వివరించెను. బండి పరుగెత్తునప్పుడు ఆ అల్పపీడనమే పెట్రోలును జెట్టు ద్వారా పైకి లాగును. నిలుకడలో థ్రాటిల్ రేకు దాదాపు మూతబడియుండుటచే కంఠమున గాలి వేగము చాలదు. అయితే రేకుకు క్రింది వైపున, ఇంజను చూషణము వలన, బలమైన శూన్యత ఏర్పడును. సముద్రమట్టమున, ఆరోగ్యముగానున్న ఇంజనులో ఇది 18 నుండి 21 అంగుళముల పాదరసమునకు సమానము. ఈ శూన్యతయే 'స్లో జెట్టు' అను సన్నని రంధ్రము ద్వారా పెట్రోలును లాగి, రేకు అంచు దగ్గర విడుచును. మిశ్రమపు స్క్రూ ఈ మార్గపు ద్వారపాలకుడు.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు రెండు చుట్లకొకసారి మండును. నిమిషమునకు 600 చుట్ల వద్ద నాలుగు సిలిండర్లలో కలిపి 1,200 మంటలు, అనగా సెకనుకు 20. వీనిలో ఒక సిలిండరు మానుకొన్నచో నాలుగవ వంతు బలము పోవును. వేగములో నున్న బండి బరువు, ఫ్లైవీలు ఊపు ఈ లోటును కప్పివేయును. నిలుకడలో కప్పునది లేదు.

లక్షణముల వర్గీకరణము

చేతికి పనిముట్టు తీసికొనక మునుపే చెవితోను కంటితోను గ్రహింపవలసినవి కలవు.

1. చల్లగానున్నప్పుడు మాత్రమే ఆగుట: చోకు సరిగా మూయకపోవుట, లేదా మిశ్రమము పలుచనగుట.

2. వేడెక్కిన పిమ్మట ఆగుట: చోకు పూర్తిగా తెరచుకొనకపోవుట, ఫ్లోటు మట్టము హెచ్చుట, ట్యాపెట్లు బిగుతగుట, కాయిలు వేడికి బలహీనపడుట, లేదా గొట్టములలో పెట్రోలు ఆవిరియగుట. ఎండ 40 డిగ్రీలు దాటు మన మే నెలలో ఈ కడపటిది తరచు కనబడును.

3. క్రమబద్ధముగా ఒకే తాళమున కుదుపు: ఒక సిలిండరు పనిచేయకపోవుట.

4. వేగము తనంతట తాను పెరుగుచు తగ్గుచు ఊగుట: బయటి గాలి దొంగదారిన చేరుట, లేదా స్లో జెట్టులో మలినము.

5. నల్లపొగ, పెట్రోలు వాసన: మిశ్రమము చిక్కనగుట.

పరీక్షా క్రమము

'తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు' అన్నట్లు, అనేకులు నిలుకడ చెడగానే కార్బొరేటరుపై చేయివేసి స్క్రూను త్రిప్పుదురు. లోపము నిప్పులోనో, వాల్వులోనో ఉన్నచో స్క్రూ త్రిప్పుట వలన ఒక రోగము రెండగును. పైగా మొదటి గుర్తు చెరగిపోవును. కావున మొదట నిప్పు, తరువాత బిగువు, పిదప దొంగగాలి, అటుపై పెట్రోలు, కట్టకడపట స్క్రూ. ఇదియే క్రమము.

నిప్పు: పిడికి మంచి రబ్బరు తొడుగు గల పట్టకారుతో ఒక్కొక్క ప్లగ్గు తీగను తొలగించి, దాని కొనను ఇంజను లోహమునకు తాకించి యుంచవలెను. తీగ తీసినప్పుడు ఇంజను వేగము తగ్గినచో ఆ సిలిండరు పనిచేయుచున్నట్లు. ఏ మార్పును లేనిచో దోషి అదియే. ఆ ప్లగ్గును తీసి చూడవలెను. తడి నలుపు పెట్రోలు హెచ్చుటను లేక నిప్పు లేమిని, జిడ్డు నలుపు నూనె పైకి చేరుటను, తెల్లదనము మిశ్రమపు పలుచదనమును, లేత గోధుమవన్నె ఆరోగ్యమును తెలుపును. ఈ ఇంజనులో ప్లగ్గు ఎడము 0.030 అంగుళము. ఆటో-లైట్ డిస్ట్రిబ్యూటరులో పాయింట్ల ఎడము 0.020 అంగుళము, వేరొక తయారీ అమర్చినచో దాని కొలతయే పాటింపవలెను. మండు వరుస 1-3-4-2. నిప్పు పడవలసిన సమయము పిస్టను పై కొసకు 5 డిగ్రీల ముందు.

ఇచట మన తీరమునకు ప్రత్యేకమైన కారణమొకటి కలదు. ఉప్పుగాలి డిస్ట్రిబ్యూటరు మూతపై కంటికి కనబడని పొరగా పేరుకొనును. పగటి ఎండలో అది హాని చేయదు. తెల్లవారుజామున తేమ పడగానే ఉప్పు కరిగి విద్యుత్తుకు బాటయగును. నిప్పు ప్లగ్గునకు పోక మూతపైననే ప్రాకిపోవును. చీకటిలో బానెట్టు ఎత్తి చూచినచో నీలి మెరుపుపోగులు స్పష్టముగా కనబడును. మూతను తీసి, లోపల వెలుపల శుభ్రపరచి, ఆరబెట్టుటయే చికిత్స. పగులు ఉన్నచో మార్చవలెను. గూడూరు ప్రాంతపు అభ్రకము విద్యుత్ నిరోధకముగా లోకప్రసిద్ధము. తొలినాటి కొన్ని స్పార్కు ప్లగ్గులలో నిరోధకము అభ్రకమే. నిరోధకము మంచిదైనను, దానిపై ఉప్పుపొర యున్నచో ఫలము సున్నయని దీనివలన గ్రహింపవలెను.

బిగువు: ఇంజను చల్లగానున్నప్పుడు ఇన్‌లెట్ ట్యాపెట్ సందు 0.018, ఎగ్జాస్ట్ సందు 0.016 అంగుళము ఉండవలెను. సందు చాలనిచో వేడికి వాల్వు కాడ సాగి, వాల్వు పూర్తిగా మూసికొనదు. వేగములో ఒక్కొక్క స్ట్రోకు క్షణములో ముగియుటచే కారిపోవు వాయువు తక్కువ. నిలుకడలో వ్యవధి ఎక్కువగుటచే కారుట ఎక్కువ. వేడెక్కగానే ఆగిపోవు జీపులలో దీనిని తప్పక చూడవలెను. ఉపేక్షించినచో వాల్వు కాలిపోయి, చిన్న సవరణతో పోవలసిన దానికి ఇంజను విప్పవలసి వచ్చును.

దొంగగాలి: నిలుకడలో ఇంజను 10 పాళ్ల గాలి పీల్చుననుకొందము. పగిలిన ప్యాకింగు ద్వారా 2 పాళ్లు అదనముగా చేరినచో మిశ్రమము ఐదవ వంతు పలుచనగును. బాటపై అదే ఇంజను 100 పాళ్లు పీల్చును. అప్పుడు ఆ 2 పాళ్లు లెక్కలోనికి రావు. కావుననే 'పరుగులో బాగు, నిలుకడలో జబ్బు' అను లక్షణము దొంగగాలిని సూచించును. ఈ ఇంజనులో ఇన్‌లెట్ మార్గము హెడ్డులోనే పోతపోయబడి యుండుటచే అచట కారు జాగాలు తక్కువ. కార్బొరేటరు క్రింది ప్యాకింగు, అరిగిన థ్రాటిల్ కాడ, క్రాంకుకేసు ఆవిరిని లాగు వాల్వు, శూన్యతతో తిరుగు వైపరు గల బండ్లలో దాని రబ్బరు గొట్టము: వీనిని ఒక్కొక్కటిగా చూడవలెను. ఇంజను తిరుగుచుండగా ఆ అతుకుల చుట్టును నీటి చుక్కలు వేసినచో, పగులు క్షణకాలము మూసికొని ఇంజను స్వరము మారును. కొందరు ఇందుకు పెట్రోలు చల్లుదురు. అది అగ్నిప్రమాదమునకు ఆహ్వానము, ఎన్నడును చేయరాదు.

పెట్రోలు: స్లో జెట్టు రంధ్రము సూదిమొన కంటెను సన్నము. దానిని తీగతో పొడువరాదు. పొడిచినచో రంధ్రము పెద్దదై కొలత తప్పును. గాలి ఊది శుభ్రపరచుటయే మేలు. సగము ఖాళీగా నుండు ట్యాంకులో తేమ నీరుగా మారి అడుగున చేరును. ఫిల్టరు గిన్నెలో నీటిబొట్లు కనబడినచో ట్యాంకునే కడుగవలెను.

నేటి పెట్రోలు విషయము వేరుగ చెప్పవలసియున్నది. మనదేశమున 20 శాతము ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో ప్రవేశపెట్టబడి, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. పూర్తిగా మండుటకు ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కావలెను. ఇథనాల్‌కు 9 పాళ్లు చాలును. మిశ్రమ ఇంధనమునకు సుమారు 13.5 పాళ్లు. పాత జెట్టు పాత కొలతలోనే ఇంధనమిచ్చుటచే ఇంజనుకు మిశ్రమము పలుచనగును. పైగా ఇథనాల్ తేమను పీల్చును, పాత రబ్బరును ఉబ్బించును, ట్యాంకులోని పాత మలినమును కరిగించి జెట్టు వరకు తెచ్చును. కావున పాత గొట్టములను, పంపు డయాఫ్రమును ఇథనాల్‌కు ఓర్చు రకములతో మార్చుటయు, ఫిల్టరును తరచు చూచుటయు అవసరము.

తుది సవరణ

పై నాలుగును సరియైన పిమ్మటనే స్క్రూ వంతు. ఇంజను పూర్తిగా వేడెక్కి, చోకు తెరచియుండవలెను. వేగపు స్క్రూతో చుట్లను 600కు తేవలెను. మిశ్రమపు స్క్రూను, త్రిప్పిన చుట్లను లెక్కించుచు, నెమ్మదిగా ఒక వైపునకు త్రిప్పి ఇంజను తడబడు స్థానమును, రెండవ వైపునకు త్రిప్పి తిరిగి తడబడు స్థానమును గుర్తించి, నడుమ సాఫీగా తిరుగు చోట నిలుపవలెను. పిదప వేగమును మరల 600కు సరిచేయవలెను. స్క్రూను ఎన్నడును అడుగంట బిగింపరాదు, మొన చెడును. స్క్రూ త్రిప్పినను ఇంజనులో ఏ మార్పును లేనిచో స్లో మార్గము మూసికొనిపోయినదనియో, రేకు ఎక్కువ తెరచియున్నదనియో తెలియవలెను.

ఈ పరీక్షలన్నియు ఆరుబయట చేయవలెను. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగును లేదు, వాసనయు లేదు; మూసిన షెడ్డులో అది మనిషిని నిద్రలోనే చంపగలదు. బండిని న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రములకు రాళ్లు పెట్టవలెను. ఫ్యాను దగ్గర వదులు చొక్కా, కండువా పనికిరావు.

విద్యార్థులకును కమిటీ పెద్దలకును

పై క్రమమును పరికించినచో ఇది ఒక్క జీపునకే కాదనియు, సర్వశాస్త్రములకును చెందిన పద్ధతియనియు విదితమగును: ముందు పరిశీలించుట, ఒకసారికి ఒక్క మార్పే చేయుట, చేసినదానిని వ్రాసికొనుట, ఫలితమును చూచి తరువాతి అడుగు వేయుట. రోగము తెలియకయే భాగములను వరుసగా మార్చినచో ఆ ఖర్చు బండి యజమానిపై పడును. అద్దె బండితో కుటుంబమును పోషించుకొను పేదవానికి అది నెలల సంపాదన.

1206లో దియార్‌బకిర్ ప్రాంతపు అర్తుఖీ ఆస్థానమున పనిచేసిన అల్-జజరీ తన యంత్రముల గ్రంథమును ముగించెను. నీటిని పైకెత్తు యంత్రములలో క్రాంకును వాడిన విధమును అందు వివరించెను. తన చేతితో చేసి చూచినదానిని కొలతలతో సహా వ్రాసి పెట్టుట ఆయన గొప్పతనము. షెడ్లలో ఉస్తాదు వద్ద శాగిర్దుగా చేరిన బాలునకు చేతి నేర్పు కలదు, సూత్రము చెప్పువారు లేరు. కళాశాలలో మనకు సూత్రము కలదు, చేతికి మసి అంటదు. ఈ రెండింటిని కలుపుటకు ఎక్కువ ధనమక్కరలేదు. పాత పెట్రోలు ఇంజను నొకదానిని ఇనుప చట్రముపై నిలిపి, శూన్యతను కొలుచు గేజి నొకదానిని తగిలించి, వారమునకొక పూట అనుభవజ్ఞుడైన ఉస్తాదును పిలిపించి భౌతికశాస్త్ర విద్యార్థులకు చూపించినచో చాలును. బెర్నూలీ సూత్రము నల్లబల్లపై కంటె ఆ గేజి ముల్లుపై త్వరగా బోధపడును. ఉస్తాదును గురుపీఠమున కూర్చుండబెట్టిన కళాశాలకు గౌరవము పెరుగునే గాని తగ్గదు. కమిటీ పెద్దలు ఈ విషయమును ఆలోచింతురు గాక.