హాలీ రూపాయికి గ్రేడు అవసరమా?

(ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

మా నాయినమ్మ దగ్గర పద్నాలుగు వెండి రూపాయలున్నాయి. నిజాం నాటి హాలీ రూపాయలు. పోయిన యాసంగిలో మా బోరు ఎండిపోయింది. కొత్త బోరుకు అప్పు తెచ్చారు. నా ఫీజు కట్టే గడువు కూడా అప్పుడే వచ్చింది. ఊరి నుంచి బయలుదేరుతుంటే నాయినమ్మ ఆ రూపాయల మూట నా చేతిలో పెట్టింది. "కొడుకా, పట్నంల ఉంటివి గద. ఇవేమన్న పలుకుతయేమో నలుగురిని అడిగి చూడు" అన్నది.

నల్లగొండ వైపు నుంచి వచ్చే మాబోటి వాళ్లకు పట్నం ఎల్.బి.నగర్ చౌరస్తాలో మొదలవుతుంది. అక్కడ బస్సు దిగి, దిల్‌సుఖ్‌నగర్‌లోని మా గదికి చేరేదాకా జేబు మీద చేయి తీయలేదు.

మరునాడు నాణేలు కొని అమ్మే ఒకాయనకు చూపించాను. ఆయన ఒక్కొక్కటి తిప్పి చూసి, "వీటిని ఇట్లా అమ్మొద్దు తమ్ముడూ. అమెరికా పంపించి గ్రేడింగ్ చేయిద్దాం. నంబరు వేసిన ప్లాస్టిక్ డబ్బీలో వస్తాయి. అప్పుడు పదింతలు పలుకుతాయి. నాణేనికి ఇంత అని ముందు కట్టు చాలు" అన్నాడు. పద్నాలుగింటికీ లెక్క వేస్తే అది నా ఏడాది ఫీజును దాటింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పంపాలా, వద్దా? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నెల రోజుల్లో నేను నేర్చుకున్నదే ఈ వ్యాసం. మన కళాశాలలో ఇంకెందరి ఇళ్లలో ఇలాంటి మూటలున్నాయో! వారికి పనికివస్తుందని రాస్తున్నాను.

గ్రేడింగ్ అంటే ఏమిటి?

నాణెం అసలుదా నకిలీదా, ఎంత అరిగింది, ఎంత చెక్కుచెదరకుండా ఉంది అని నిపుణులు పరీక్షించి అంకె ఇవ్వటమే గ్రేడింగ్. ఈ అంకెల పద్ధతికి మూలపురుషుడు విలియం షెల్డన్ అనే అమెరికన్. ఆయన 1949లో తమ దేశపు పాత పెద్ద సెంటు నాణేల కోసం 1 నుంచి 70 వరకు ఒక కొలబద్దను ప్రతిపాదించాడు. 1 అంటే ఫలానా నాణెం అని గుర్తుపట్టటానికి మాత్రమే వీలైనంత అరుగుదల. 70 అంటే ఏ లోపమూ లేనిది. 60 మొదలు పైనున్నవన్నీ చెలామణిలో చేతులు మారనివి. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే సంస్థలు అమెరికాలో ఈ పని మొదలుపెట్టాక, అంకె వేసి డబ్బీలో బిగించి ఇచ్చే ఆచారం లోకమంతా పాకింది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. గ్రేడింగ్ నాణేనికి విలువను పుట్టించదు. ఉన్న విలువకు సాక్ష్యం చెబుతుంది, అంతే. ఈ సంగతి నాకు పుస్తకాల కంటే ముందు మా నాయిన చెప్పాడు. ఫోనులో విషయమంతా విని ఆయన అన్న మాట: "మన వడ్లు చూస్తలేవా? ఆరబోస్తె తేమ పోతది గని, గింజ మారుతదా?" నిజమే. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. దానికోసం ఎండబెడతాం. కాని 'ఎ' గ్రేడా, సాధారణ రకమా అన్నది గింజ సన్నదనాన్ని బట్టి ఉంటుంది. విత్తనంతో వచ్చిన గుణం కల్లంలో మారదు. 2024–25లో సాధారణ రకానికి క్వింటాలుకు 2,300 రూపాయలు, 'ఎ' గ్రేడుకు 2,320 రూపాయలు మద్దతు ధర. తేడా ఇరవై రూపాయలు. "ఆ ఇరవై కోసం ముప్పై రూపాయల కిరాయి పెట్టుకుంటమా?" అన్నాడు నాయిన. నా ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరికింది.

ముందు నాణేన్ని చదవాలి

మరి మన చేతిలో ఉన్నదేమిటో తెలియకుండా గ్రేడు గురించి ఆలోచించటం, విత్తనం పేరు తెలియకుండా ధర అడగటం వంటిది. హాలీ రూపాయి మీద ఒకవైపు చార్మినార్ ఉంటుంది. దాని ద్వారంలో చిన్న అక్షరం ఒకటి కనిపిస్తుంది. అది 'మీమ్' అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలం నాటిది. 'ఐన్' అయితే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటిది. 92 అనే అంకె కూడా ఉంటుంది. అది సంవత్సరం కాదు. అక్షరాలకు అంకెలిచ్చి కూడే అబ్జద్ లెక్కలో 'ముహమ్మద్' నామానికి వచ్చే మొత్తం.

సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. చంద్రమానం కనుక హిజ్రీ ఏడాది మన ఏడాది కంటే సుమారు 11 రోజులు చిన్నది. అందుచేత హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే ఇంచుమించుగా క్రీస్తు శకం వస్తుంది. ఉదాహరణకు 1330ని 0.97తో గుణిస్తే 1290. దానికి 622 కలిపితే 1912. ఆ అంకెల్లో 7 ఇంగ్లీషు 'వి' అక్షరంలాగా, 8 దాన్నే తలకిందులు చేసినట్టుగా ఉంటాయి. ఈ రెండూ తెలియక 1337ను, 1338ని నేను మొదట తారుమారు చేసి చదివాను.

ఈ నాణేలు అచ్చయిన చోటు మనకు దూరమేమీ కాదు. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగితే సైఫాబాద్. అక్కడ 1903లో టంకశాల పెట్టారు. 1997లో పని చర్లపల్లికి మారింది. పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. ఈ రూపాయి చరిత్ర కూడా చెప్పుకోదగిందే. ఆంగ్లేయుల రూపాయిని మనవాళ్లు 'కల్దార్' అనేవారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం. హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిసిన తర్వాత కూడా హాలీ సిక్కా కొన్నాళ్లు చెల్లింది. 1959లో పూర్తిగా రద్దయింది.

ప్రయోగశాలలో

హాలీ రూపాయి తూకం 11.178 గ్రాములు. అందులో వెండి 81.8 శాతం, అనగా 9.14 గ్రాములు. 1940లలో అచ్చయిన వాటిలో వెండి పాలు తగ్గింది. కనుక సంవత్సరం చూడటం ఇక్కడా అవసరమే. వెండి సాంద్రత 10.49, రాగి సాంద్రత 8.96. మిగిలినదంతా రాగి అనుకుని లెక్క కడితే ఈ మిశ్రమం సాంద్రత సుమారు 10.2 రావాలి.

మా లెక్చరర్ గారి అనుమతితో కళాశాల త్రాసు మీద ఈ పరీక్ష చేశాను. నాణేన్ని ముందు గాలిలో తూచి, తర్వాత సన్నని దారంతో నీటిలో వేలాడదీసి తూచాలి. గాలిలోని తూకాన్ని, నీటిలో తగ్గిన తూకంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఆర్కిమెడిస్ సూత్రం ఇంటర్మీడియట్‌లో బట్టీ పట్టాను కాని, దాంతో ఇంత పని జరుగుతుందని అనుకోలేదు. నాయినమ్మ రూపాయల్లో ఒకటి గాలిలో 11.12, నీటిలో 10.03 గ్రాములు తూగింది. తగ్గింది 1.09. భాగిస్తే 10.2! ఆ క్షణాన నా ఆనందం చెప్పలేను.

అయితే అదే రోజు ఇంకో పాఠం కూడా అయింది. జత కుదురుతుందని దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్కన మూడు వందలు పెట్టి నేనొక 'నిజాం రూపాయి' కొన్నాను. అది గాలిలో 9.87, నీటిలో 8.71 గ్రాములు తూగింది. సాంద్రత 8.5. అది ఇత్తడి సాంద్రత! నకిలీని తెలుసుకోవటానికి అమెరికా దాకా పోనక్కరలేదు. ఒక బీకరు నీళ్లు చాలు. ఒరగల్లు మీద మాత్రం గీయించకండి. ఆ గీత మళ్లీ మాయదు.

చింతపండు చేసిన పని

ఇక అసలు కష్టం. పద్నాలుగింటిలో ఎనిమిదింటికి కొక్కేలు అతికి ఉన్నాయి. అవి ఒకప్పుడు నాయినమ్మ మెడలో దండ. అయిదు విడివి. ప్రతి దసరాకు వాటిని చింతపండు, బూడిదతో తోమి, పసుపు కుంకుమ పెట్టి పూజలో పెడతాం. చిన్నప్పుడు ఆ తోమే పని నాదే. తళతళ మెరిసేదాకా తోమేవాణ్ణి. మిగిలిన ఒక్కటి పాత బట్ట మడతలో ఇరుక్కుని ఎవరి చేతా పడలేదు. నల్లగా ఉంది. దాని మీద సంవత్సరం 1330.

మెరిసేవే మంచివని నేననుకున్నాను. శాస్త్రం వేరుగా చెబుతుంది. అచ్చు పడినప్పుడు లోహం ఒత్తిడికి ప్రవహించి కంటికి కనబడని సన్నని గీతలు ఏర్పడతాయి. నాణేనికి సహజమైన మెరుపు వాటి నుంచే వస్తుంది. కాలక్రమాన గాలిలోని గంధకపు వాయువులతో వెండి కలిసి నల్లని సిల్వర్ సల్ఫైడ్ పొర అవుతుంది. చింతపండు ఆమ్లం, బూడిద రాపిడి కలిసినప్పుడు ఆ పొరతో పాటు కింది లోహం కూడా కొంత పోతుంది. అసలు మెరుపు పోయి గీకిన మెరుపు మిగులుతుంది. గ్రేడింగ్ సంస్థలు ఇలా తోమిన వాటికి, కొక్కెం అతికిన వాటికి పూర్తి గ్రేడు అంకె ఇవ్వవు. అసలుదే కాని దెబ్బతిన్నదని రాసి పంపుతాయి. రుసుము మాత్రం అంతే!

అంటే పద్నాలుగింటిలో పదమూడింటికి జవాబు వచ్చేసింది. వాటిని పంపటం దండగ. భక్తితో తోమిన తోముడు బజారు లెక్కలో మచ్చ అయింది. తోమింది నా చేతులే కనుక ఎవరినీ అనటానికి లేదు.

మిగిలిన ఒక్కటికి లెక్క

ఇవి తేలిక కోసం వేసుకున్న అంకెలు. బజారు ధరలని అనుకోకండి. డబ్బీ లేకుండా నాణెం 2,000 పలుకుతుందనుకుందాం. మంచి గ్రేడు వస్తే 6,000. రుసుము, రానుపోను తపాలా, భీమా, మధ్యవర్తి కమీషను అన్నీ కలిపి 4,500. మంచి గ్రేడు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. రాకపోతే ధర ఉన్న చోటే ఉంటుంది. అప్పుడు ఆశించదగిన లాభం 4,000లో నాలుగో వంతు, అనగా 1,000. ఖర్చు 4,500. నాయిన చెప్పిన ఇరవై, ముప్పై లెక్క ఇదే. దీన్ని సూత్రంగా చెప్పుకోవాలంటే: గ్రేడు వల్ల పెరిగే ధరను దాని సంభావ్యతతో గుణిస్తే వచ్చేది ఖర్చును మించాలి. అరుదైన సంవత్సరమో, బంగారు అష్రఫీయో, నకిలీలు ఎక్కువగా తిరిగే రకమో అయితే లెక్క మారవచ్చు. చెలామణిలో విరివిగా తిరిగిన రూపాయికి తరచు మించదు.

చట్టం ఏమంటుంది?

ఆ వ్యాపారి చెప్పనిది ఇంకొకటుంది. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లకు తక్కువ కాని వయసున్న నాణెం పురావస్తువు. అటువంటి దాన్ని కేంద్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ తప్ప మరెవరూ దేశం దాటించరాదు. మా 1330 నాటి రూపాయి 1912 ప్రాంతానిది. పరీక్షకైనా సరే, దాన్ని నాబోటివాడు అమెరికాకు పంపటం నేరం. ఈ నూరేళ్ల గీత ఏటేటా ముందుకు జరుగుతుంది. 1925 నాటి నాణెం 2025లో ఆ గీత దాటింది. కనుక ఎవరైనా 'పంపిద్దాం' అంటే, ఎక్కడికి అని ముందు అడగండి. ఇంకొక మాట, మా వంటి రైతు కుటుంబాల కోసం. దుక్కిలో నాణేల కుండ బయటపడితే అది మన మూట కాదు. కలెక్టరుకు తెలియజేయాలి.

ముగింపు

మిత్రులారా, పంపే ముందు అయిదు ప్రశ్నలు వేసుకోండి. అసలుదేనా? తోమినదా, అతికినదా? అరుదైనదా? పెరిగే ధర ఖర్చును మించుతుందా? చట్టం ఒప్పుకుంటుందా? ఒక్కదానికి 'కాదు' అన్న జవాబు వచ్చినా ఆగి ఆలోచించండి. రెండో ప్రశ్నకు మాత్రం 'అవును' అంటేనే ఆగాలి. మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ర్యాంకుల హోర్డింగుల కింద నడిచే వాళ్లం. అంకె కనబడగానే అదే విలువ అనుకోవటం మాకు అలవాటైపోయింది. అంకె వేసేవాడి కంటే ముందు వస్తువును మనం చూడాలని నాకీ రూపాయి నేర్పింది.

నేను ఏదీ పంపలేదు, అమ్మనూ లేదు. ఎల్.బి.నగర్‌లో ఇద్దరు పదో తరగతి పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెప్పి, మిగిలింది నాయిన సర్దితే, గడువు చివరి రోజున ఫీజు కట్టాను. మూట తిరిగి ఇస్తూ నాయినమ్మకు అంతా చెప్పాను. పదమూడింటికి గ్రేడు రాదంటే నవ్వింది. "రాకుంటె మానె. దసరాకు తోమే పని నీదే" అన్నది. నల్లది మాత్రం తోమొద్దని బతిమాలాను. దాన్ని కాగితంలో చుట్టి, ఆ పాత బట్ట మడతలోనే మళ్లీ పెట్టింది.