పెట్టె మనది, తాళంచెవి ఎవరిది?
(నెట్ లేనప్పుడు మన కంప్యూటర్ మన మాట వింటుందా?)



సాంఘిక సంక్షేమ హాస్టల్లో చేరిన మొదటి రోజు మనలో ఎవరూ మరచిపోరు. ఇంటి నుంచి తెచ్చుకున్న రేకు పెట్టె, దానికొక తాళం, మెడలో దారానికి కట్టుకున్న తాళంచెవి. పెట్టెలో ఉండేవి రెండు జతల బట్టలు, నాలుగు పుస్తకాలు, అమ్మ కట్టిచ్చిన సకినాలు. అంతే. అయినా తాళంచెవి మన దగ్గర ఉందన్న ధైర్యం వేరు. ఈ వ్యాసం కంప్యూటర్ గురించి. కానీ మేము చెప్పదలచుకున్న అసలు సంగతి ఆ తాళంచెవి గురించే.

మాకు జరిగింది

హబ్సిగూడలో మా రూములో నలుగురం ఉండేవాళ్లం. నలుగురి ఇళ్లలోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. పీజీ చివరి సంవత్సరంలో తలా కొంత వేసుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాం. "అన్ని సాఫ్ట్‌వేర్లు ఏసే ఉన్నయి" అన్నాడు అమ్మినాయన. సంతోషపడ్డాం. అందులోని టైపింగు సాఫ్ట్‌వేరు ఏడాది చందా మీద నడిచేదని, ఆ చందా ఎవరి పేరు మీదో ఉందని మాకు తెలియదు.

మాలో ఒకరి డిసర్టేషన్ మర్నాడు ఉదయం ఇవ్వాలి. చివరి అధ్యాయంలో ఆరు పేజీల దిద్దుబాట్లు మిగిలాయి. ఆ సాయంత్రం గాలివానకు మా వీధిలో నెట్ పోయింది. ఫైలు తెరిస్తే కనిపిస్తోంది, కానీ ఒక్క అక్షరం పడటం లేదు. "సైన్ ఇన్ చేయండి" అంటోంది. ఫోన్ డేటా కలిపాం. అప్పుడు పాస్‌వర్డు అడిగింది. ఆ అకౌంటు మాది కాదు. రెండేళ్ల చదువు కళ్లెదుట ఉంది, దాని మీద చేయి వేసే హక్కు మాకు లేదు. ఇంటికి ఫోన్ చేసి అడుగుదామంటే ఈ సంగతి తెలిసినవారు మా ఇళ్లలో ఎవరున్నారు?

పెన్‌డ్రైవ్ పట్టుకుని తార్నాక వైపు నడిచాం. ఒక డీటీపీ షాపు మూసే వేళకు చేరాం. షాపాయన పేజ్‌మేకర్ మీద పనిచేస్తున్నాడు. మా గోడు విని నవ్వాడు. "నా సిస్టమ్‌కు నెట్టే లేదు తమ్మీ. ఏండ్ల సంది నడుస్తనే ఉంది" అన్నాడు. అయితే మా ఫైలు యూనికోడ్ తెలుగులో ఉంది, పేజ్‌మేకర్‌లో రాదు. ఆయన పక్కనున్న ఇంకో కంప్యూటర్‌లో లిబ్రాఫీస్ తెరిచి ఫైలు అందులో పెట్టాడు. తెరుచుకుంది. పేజీలు అటూ ఇటూ జరిగాయి, విషయసూచికలో నెంబర్లన్నీ చేత్తో మళ్లీ వేసుకోవలసి వచ్చింది. రాత్రి ఒంటిగంట దాకా ఆయన షట్టరు సగం దించుకుని మా కోసం కూర్చున్నాడు. ఉదయం బైండింగు చేయించి ఇచ్చేశాం.

ఆ రాత్రి తప్పు ఎవరిదని ఆలోచిస్తే, మాదే అనిపించింది. పెట్టె కొన్నాం గానీ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అడగలేదు. మీరు అలా మోసపోకూడదనే ఈ పాఠం.

సాఫ్ట్‌వేర్లు మూడు రకాలు

సర్వర్ అంటే ఎక్కడో ఒక పెద్ద భవనంలో రాత్రింబవళ్లు నడుస్తూ, మన కంప్యూటర్ అడిగిన దానికి జవాబిచ్చే మరో కంప్యూటర్. ఆ సర్వర్‌తో ఉన్న సంబంధాన్ని బట్టి సాఫ్ట్‌వేర్లను మూడు రకాలుగా చెప్పుకోవచ్చు.

మొదటి రకం: తాళంచెవి మన దగ్గరే ఉన్నది. ఒకసారి ఎక్కిస్తే చాలు, తర్వాత ఎవరినీ అడగదు. లిబ్రాఫీస్, వీఎల్‌సీ ప్లేయర్, ఫొటోలు దిద్దే గింప్, డీటీపీ షాపుల్లోని పాత పేజ్‌మేకర్ ఈ కోవలోవి.

రెండో రకం: పెట్టె మన దగ్గర, తాళంచెవి కంపెనీ దగ్గర. ప్రోగ్రాము మన కంప్యూటర్‌లోనే ఉంటుంది, మన కరెంటుతోనే నడుస్తుంది. కానీ కొన్ని రోజులకొకసారి కంపెనీ సర్వర్‌ను అడిగి "ఇతని చందా ఉందా?" అని తెలుసుకుంటుంది. జవాబు రాకపోతే కొంత గడువు ఇచ్చి, తర్వాత ఆగిపోతుంది. ఉదాహరణకు అడోబీ వారి క్రియేటివ్ క్లౌడ్ ప్రోగ్రాములు వార్షిక చందాదారులకు నెట్ లేకుండా 99 రోజుల వరకు నడుస్తాయి. ఆలోగా ఒకసారైనా నెట్ తగలాలి.

మూడో రకం: పెట్టె కూడా అక్కడే ఉన్నది. మన దగ్గర ఉండేది కిటికీ మాత్రమే. గూగుల్ డాక్స్ వంటివి ఈ రకం. నెట్ లేకుండా రాసుకునే వీలు ఇందులోనూ ఉంది. అయితే నెట్ ఉన్నప్పుడే ఆ ఏర్పాటు ముందుగా చేసిపెట్టుకోవాలి. వాన వచ్చాక గొడుగు కొనబోతే లాభం లేదు.

ఒక సందేహం రావచ్చు. సర్వర్ దూరంగా ఉండటమే సమస్యా? కాదు. అమెజాన్ వారి హైదరాబాద్ సర్వర్ కేంద్రాలు 2022 నవంబరులోనే మొదలయ్యాయి. సర్వర్ మన ఊళ్లో ఉన్నంత మాత్రాన తాళంచెవి మనది కాదు. దూరం కన్నా అధికారం ఎవరిదన్నదే ముఖ్యం.

ఇలా ఎందుకు మారింది?

పేజ్‌మేకర్ 7.0 2001లో వచ్చింది. సీడీతో పాటు ఒక సీరియల్ నెంబరు ఇచ్చేవారు, అది కొడితే చాలు. భారతీయ భాషల డీటీపీ సాఫ్ట్‌వేర్లలో కొన్నింటికి హార్డ్‌వేర్ లాక్ అనే చిన్న పరికరం ఉండేది. అది తగిలిస్తేనే ప్రోగ్రాము నడిచేది. అది పోతే పోయినట్లే గానీ, కనీసం అది మన టేబుల్ సొరుగులోనే ఉండేది. తర్వాత నెట్ ద్వారా అనుమతి తీసుకునే పద్ధతి వచ్చింది. 2013లో అడోబీ, ఇకపై కొత్త వెర్షన్లు చందా మీదే అని ప్రకటించింది. ఒకసారి కొని దాచుకునే వీలున్న దాని చివరి వరుస 2012 నాటి సీఎస్6. ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ కూడా 2016లో శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి చందా బాట పట్టింది. ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లకు ఇది తెలిసిన సంగతే.

కంపెనీల వైపు కూడా కారణాలున్నాయి. దొంగ కాపీల బెడద తగ్గుతుంది, ఏటా ఆదాయం వస్తుంది, లోపాలు ఎప్పటికప్పుడు సరిచేయవచ్చు. మనకూ లాభం లేకపోలేదు. ల్యాప్‌టాప్ పోయినా ఫైలు సర్వర్‌లో ఉంటుంది, నలుగురు నాలుగు ఊళ్ల నుంచి ఒకే ప్రాజెక్టు రాయవచ్చు. కాబట్టి సర్వర్ చెడ్డదని మేము అనడం లేదు. దాని మీదే పూర్తిగా ఆధారపడితే ఏమవుతుందో చూడమంటున్నాం.

తాళం పడిన సందర్భాలు

అడోబీ సీఎస్2 అనే పాత సాఫ్ట్‌వేరుకు అనుమతి ఇచ్చే సర్వర్‌ను 2013 నాటికి కంపెనీయే ఆపేసింది. డబ్బులు పెట్టి కొన్నవారి కోసం అనుమతి అవసరం లేని కాపీలు విడిగా ఇవ్వవలసి వచ్చింది. సర్వర్‌కు కూడా ఆయుష్షు ఉంటుందని దీనివల్ల తెలుస్తోంది.

2019 అక్టోబరులో అమెరికా ప్రభుత్వ ఆంక్షల కారణంగా వెనెజువెలాలోని చందాదారుల అకౌంట్లన్నీ ఆపివేస్తామని అదే కంపెనీ ప్రకటించింది. ఆ నెలాఖరుకే ప్రభుత్వ అనుమతి దొరకడంతో నిర్ణయం వెనక్కు తీసుకుంది. ఆ మధ్య రోజుల్లో అక్కడి డిజైనర్ల గుండెలు ఎలా కొట్టుకుని ఉంటాయో ఊహించండి.

2020 డిసెంబరు 14 సాయంత్రం గూగుల్ సేవలు ప్రపంచమంతటా సుమారు ముప్పావు గంట ఆగిపోయాయి. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. "నువ్వు ఎవరు?" అని గుర్తుపట్టే వ్యవస్థకు కేటాయించిన స్థలం పొరపాటున తగ్గిపోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ లేకపోతే ఇంటి యజమాని కూడా బయటే నిలబడ్డట్లయింది.

మన దేశంలోనే 2025 జులైలో మరో సంఘటన జరిగింది. గుజరాత్‌లోని వాడినార్ చమురుశుద్ధి కర్మాగారాన్ని నడిపే నయారా ఎనర్జీ సంస్థలో ఒక రష్యా కంపెనీకి వాటా ఉంది. యూరోపియన్ యూనియన్ ఆంక్షల తర్వాత మైక్రోసాఫ్ట్ ఆ సంస్థకు తన సేవలు ఆపేసింది. చందా కట్టి ఉన్నా మెయిళ్లు అందలేదు. సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, నెలాఖరుకు సేవలు తిరిగి వచ్చాయి. అంత పెద్ద కంపెనీకి వకీళ్లు ఉన్నారు. స్కాలర్‌షిప్ కోసం ఎదురుచూసే విద్యార్థికి ఎవరున్నారు?

మనం చేయవలసినవి

1. నెట్ ఆపి చూడండి. కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించిన రోజే వైఫై తీసేసి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేసి, ఒక పేజీ టైపు చేసి సేవ్ చేయండి. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు.

2. అకౌంటు ఎవరి పేరు మీద ఉందో చూడండి. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నప్పుడు ఇది మొదటి ప్రశ్న కావాలి. దొంగ కాపీలు వద్దు. వాటితో వైరస్‌లు వస్తాయి, అవసరానికి ఆగిపోతాయి. ఉచితంగా, న్యాయంగా దొరికే లిబ్రాఫీస్ ఉండగా ఆ అగత్యం లేదు. ఒకేసారి డబ్బు కట్టి కొనే ఆఫీస్ కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ 2024 అక్టోబరులో అలాంటి వెర్షన్ విడుదల చేసింది.

3. ఫైలు నిజంగా మీ దగ్గర ఉందా? కంప్యూటర్‌లో కనిపించే గూగుల్ డాక్స్ గుర్తు ఒక లింకు మాత్రమే. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే చిరునామా కాగితం తెచ్చుకున్నట్లే, మనిషి రాడు. మెనూలో డౌన్‌లోడ్ నొక్కి వర్డ్ ఫైలుగా ఒకటి, పీడీఎఫ్‌గా ఒకటి దించుకోండి. పీడీఎఫ్‌లో పేజీలు జరగవు, కాబట్టి ప్రింటుకు అదే మేలు.

4. తెలుగు టైపింగుకు నెట్ అక్కరలేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఫొనెటిక్ కీబోర్డు 2019 నుంచి విండోస్ 10లో చేరింది. మండలి, రామభద్ర, గురజాడ, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. మన హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ వారు కంప్యూటర్‌నే తెలుగులో నడిపే ప్రయత్నం ఎన్నో ఏళ్లుగా చేస్తున్నారు.

5. పరిశోధన చేసేవారు ఉపయుక్త గ్రంథాల జాబితాకు వాడే ప్రోగ్రామును కూడా పరీక్షించుకోవాలి. మెండెలే పాత డెస్క్‌టాప్ ప్రోగ్రామును 2022 సెప్టెంబరు నుంచి కొత్తగా దించుకునే వీలు లేకుండా చేశారు. జొటేరో మన జాబితాను మన కంప్యూటర్‌లోనే దాస్తుంది.

6. కాలేజీ మెయిల్ శాశ్వతం కాదు. చదువు అయిపోయాక విద్యాసంస్థలు ఆ అకౌంటును మూసివేయవచ్చు, విద్యార్థి లైసెన్సు గడువూ తీరిపోవచ్చు. చివరి సెమిస్టర్‌లోనే మార్కుల మెమోలు, ప్రాజెక్టులు, ఫొటోలు దించుకుని రెండు చోట్ల దాచండి. ఒకటి పెన్‌డ్రైవ్, ఇంకోటి నమ్మకమైన స్నేహితుని కంప్యూటర్ అయినా సరే.

అన్నలకు, అక్కలకు ఒక మనవి

ఉద్యోగాల్లో స్థిరపడిన మీలో కొందరు మీ పాత ల్యాప్‌టాప్‌లు హాస్టల్‌కు ఇవ్వాలనుకుంటారు. మీ మంచి మనసుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాం. ఇచ్చే ముందు ఒక గంట కేటాయించండి. మీ అకౌంటు తీసేయండి. సైన్ ఇన్ అడగని టైపింగు సాఫ్ట్‌వేరు, తెలుగు కీబోర్డు, నాలుగు ఫాంట్లు ఎక్కించండి. నెట్ ఆపి ఒకసారి నడిపి చూడండి. ఇంటర్ చదివే తమ్ముడు నెట్ రీచార్జికి డబ్బులు లేని నెలలో కూడా దాని మీద తన దరఖాస్తు తాను రాసుకోగలగాలి. తాళంచెవి కూడా చేతిలో పెడితేనే అది నిజమైన బహుమతి.

మా డిసర్టేషన్ మిత్రుడు వైవా ముగిశాక నేరుగా ఆ డీటీపీ షాపుకు మిఠాయి పట్టుకెళ్లాడు. అదే వారం మేము మా ల్యాప్‌టాప్‌ను శుభ్రం చేసి లిబ్రాఫీస్ వేసుకున్నాం. ఈ వ్యాసాన్ని కూడా అందులోనే, వైఫై ఆపి, టైపు చేశాం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! హాస్టల్ పెట్టె తాళంచెవిని ఎంత జాగ్రత్తగా దాచుకున్నామో, మన రాతల తాళంచెవిని కూడా అంతే జాగ్రత్తగా దాచుకుందాం. ఈ రోజే ఒకసారి నెట్ ఆపి చూడండి.