ప్రిన్సిపాల్ గదిలో రాజీ చెల్లదు

పాప ఇంటికొచ్చి ఫలానా సార్ ఇలా చేశాడని చెబుతుంది. తల్లిదండ్రులు స్కూలుకు పరిగెడతారు. ప్రిన్సిపాల్ కుర్చీలు వేయిస్తారు, మంచినీళ్లు తెప్పిస్తారు. "మేం విచారిస్తాం, ఆయన్ని మాన్పించేస్తాం. పోలీసులదాకా వెళ్తే మీ పిల్ల పేరే నలుగురి నోళ్లలో పడుతుంది, ఆలోచించుకోండి" అంటారు. మాట మెత్తగానే ఉంటుంది. కానీ విషయం తెలిసి కూడా పోలీసులకు చెప్పకుండా నొక్కిపెట్టడమే చట్టం దృష్టిలో మరో నేరం.

2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం (లైంగిక నేరాల నుంచి పిల్లల రక్షణ చట్టం) 18 ఏళ్లలోపు పిల్లలందరికీ, ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా వర్తిస్తుంది. నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు గానీ, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ చెప్పి తీరాలని 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ అధిపతి తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిపెడితే శిక్ష ఏడాది వరకు పెరుగుతుంది. 'ముందు మా కమిటీ తేల్చాలి' అన్న మినహాయింపు ఆ చట్టంలో ఎక్కడా లేదు. నిజాయితీగా సమాచారం ఇచ్చినవారిపై సివిల్, క్రిమినల్ చర్యలేవీ ఉండవు కూడా. మరి భయం దేనికి? చాలాసార్లు అది అడ్మిషన్ల భయమే.

ఈ బాధ్యత కాగితానికే పరిమితం కాదని 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక స్కూలు హాస్టల్లో గిరిజన బాలికలపై అత్యాచారాలు జరిగాయి. వాళ్లకు వైద్యం చేస్తున్న డాక్టర్‌కు సంగతి తెలిసినా పోలీసులకు చెప్పలేదన్నది అభియోగం. బొంబాయి హైకోర్టు ఆయనపై కేసును కొట్టేసింది. సుప్రీంకోర్టు దాన్ని తిరిగి నిలబెట్టి, తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని, అది నేరస్థుణ్ని కాపాడే ప్రయత్నమని వ్యాఖ్యానించింది.

ఇక రాజీ సంగతి. రాజస్థాన్‌లోని గంగాపూర్ సిటీలో 2022 జనవరిలో ఒక టీచర్ తరగతి గదిలో విద్యార్థినితో అసభ్యంగా ప్రవర్తించాడని కేసు నమోదైంది. నెల తిరక్కముందే, అపార్థం వల్ల కేసు పెట్టామని, ఇక చర్యలు వద్దని తండ్రి పేరుతో స్టాంపు కాగితం తయారైంది. దాన్ని చూసి హైకోర్టు ఎఫ్‌ఐఆర్‌ను కొట్టేసింది. ఆ కుటుంబంతో సంబంధం లేని ఇద్దరు స్థానికులు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 2024 నవంబర్ 7న తీర్పు వచ్చింది. ఇలాంటి నేరాలు రెండు కుటుంబాల మధ్య వ్యక్తిగత తగాదాలు కావు, రాజీ పడ్డారని కేసు మూసేయడం కుదరదు అంటూ కోర్టు ఎఫ్‌ఐఆర్‌కు తిరిగి ప్రాణం పోసింది. హైకోర్టులో ఊపిరి పోయిన కేసు బతకడానికి పరాయివాళ్లు పూనుకోవలసి రావడం గమనించాల్సిన సంగతి.

విద్యాసంస్థ యాజమాన్యమో, సిబ్బందో అక్కడి పిల్లలపై ఈ నేరం చేస్తే చట్టం దాన్ని మరింత తీవ్రంగా చూస్తుంది. 2019 సవరణ తర్వాత అత్యాచారానికి కనీసం 20 ఏళ్ల జైలు, గరిష్ఠంగా మరణశిక్ష. చెడు ఉద్దేశంతో ఒంటిమీద చెయ్యి వేసినా 5 నుంచి 7 ఏళ్లు. చెయ్యి వెయ్యకుండా అసభ్యమైన మాటలు, సైగలు, ఫోన్లో బూతు బొమ్మలు చూపడం లైంగిక వేధింపు కిందికి వస్తాయి. వాటికి 3 ఏళ్ల వరకు. ప్రమాదం పాఠం చెప్పేవాళ్ల నుంచే రానక్కర్లేదు. 2022లో హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లపై అఘాయిత్యం చేసిన డ్రైవర్‌కు 2023 ఏప్రిల్‌లో కోర్టు 20 ఏళ్ల జైలు వేసింది. అదే కేసులో ప్రిన్సిపాల్‌ను నిర్దోషిగా వదిలేసింది. యాజమాన్యానికి ముందే తెలుసని కోర్టులో నిరూపించడం తేలిక కాదు. అందుకే నోటిమాటతో సరిపెట్టకుండా ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోవాలి. అయితే స్కూలు జవాబు కోసం ఆగనక్కర్లేదు, నేరుగా పోలీసుల దగ్గరికే వెళ్లవచ్చు.

పోలీసుస్టేషన్ అంటే జంకు సహజం. కానీ పిల్లను స్టేషన్‌కు తీసుకెళ్లాల్సిన పనే లేదు. వాంగ్మూలాన్ని ఇంట్లోనో, పిల్ల కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాం వేసుకోకూడదు, అమ్మానాన్నలు గానీ పిల్ల నమ్మే మరొకరు గానీ పక్కన ఉండాలి. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు. ఆడపిల్లకు పరీక్ష మహిళా డాక్టరే చేయాలి. కోర్టులో విచారణ తలుపులు మూసి జరుగుతుంది, వాంగ్మూలమిచ్చేటప్పుడు నిందితుడు ఎదుట పడకుండా చూస్తారు. వీలైనంతవరకు ఏడాదిలో విచారణ ముగించాలన్నది నియమం. గడువు దాటిన కేసులు బోలెడున్నాయి, అది వేరే కథ.

నలుగురి నోళ్లలో పడుతుందన్న బెదిరింపుకూ చట్టంలో జవాబుంది. పిల్ల పేరు, ఫొటో, చిరునామానే కాదు, గుర్తుపట్టడానికి దారితీసే స్కూలు పేరు కూడా మీడియాలో రాకూడదని 23వ సెక్షన్ చెబుతుంది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఆవేశంగా వివరాలు పెట్టేవాళ్లు ఈ మాట గుర్తుంచుకుంటే మేలు.

కొట్టడం గురించి కూడా ఒక మాట. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. దెబ్బలు క్రూరమైతే బాల న్యాయ చట్టం 75వ సెక్షన్ ఉంది. పిల్లల సంరక్షణ బాధ్యత ఉన్న సంస్థ ఉద్యోగికి దాని కింద 5 ఏళ్ల వరకు కఠిన జైలు పడవచ్చు.

నేరం ఏ ఊళ్లో జరిగినా దగ్గర్లోని ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎస్సై తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పంపండి. ఏం చేయాలో తోచకపోతే 1098కి ఫోన్ చేయండి, పగలైనా రాత్రయినా పలుకుతారు, ఖర్చు లేదు. ఎఫ్‌ఐఆర్ నమోదయ్యాక దాని ప్రతి ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.