మందు ఒక్కటే, మార్గాలు అనేకం

స్వదేశం నుండి వచ్చిన తల్లిదండ్రులను ఇక్కడి డాక్టరు వద్దకు తీసుకొని వెళ్ళినప్పుడు మనలో చాలామందికి వినిపించే మాట ఒకటున్నది: "ఇంత దూరం తీసుకొచ్చావు, ఒక్క సూదైనా వేయలేదు, ఇదేం వైద్యం నాయనా!" సూదిమందే బలమైన మందు అన్న నమ్మకం మనవారిలో పాతుకొని ఉన్నది. నిజానికి బలం సూదిలో లేదు. ఏ మందు ఏ దారిన పోతే చేరవలసిన చోటికి తగిన మోతాదులో చేరుతుందో ఆలోచించి వైద్యులు మార్గాన్ని నిర్ణయిస్తారు.

నోటి ద్వారా తీసుకొన్న మందు ఎక్కువగా చిన్నప్రేగులలో రక్తంలో కలుస్తుంది. ఆ రక్తం శరీరమంతటా వ్యాపించకముందే కాలేయం గుండా ప్రవహిస్తుంది. కొన్ని మందులలో అధికభాగం అక్కడే విచ్ఛిన్నమవుతుంది. గుండెనొప్పికి ఇచ్చే నైట్రోగ్లిజరిన్ మాత్రను నాలుక క్రింద ఉంచుకొనమనడానికి కారణమిదే. అక్కడి పలుచని పొర నుండి మందు నేరుగా రక్తంలో కలిసి, కొద్ది నిమిషాలలోనే పనిచేస్తుంది. కంగారులో మ్రింగివేస్తే ఆశించిన మేలు జరుగదు.

ఇన్సులిన్ కథ వేరు. అది మాంసకృత్తు కనుక, మ్రింగితే ఆహారంతోపాటే జీర్ణమైపోతుంది. అందువల్లనే 1922 జనవరిలో టొరంటోలో తొలిసారి ఒక మధుమేహ రోగికి ఇచ్చిన నాటి నుండి దానిని ప్రధానంగా సూదితోనే ఇస్తున్నారు. ఉబ్బసానికి మందును పీల్చమనడంలోనూ యుక్తి ఉన్నది: స్వల్పమైన మోతాదు తిన్నగా ఊపిరితిత్తులకే చేరుతుంది. ఇక సిరలోకి ఎక్కించిన మందు తక్షణం పనిచేస్తుంది. కాని పొరపాటు జరిగితే దానిని వెనుకకు తీసుకొనలేము.

సూదివలెనే సెలైన్ సీసాపైన కూడా మనకు మక్కువ ఎక్కువ. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులలో కలరా ప్రబలినప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో సెలైన్ నిల్వలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడియం బైకార్బొనేట్ కలిపిన నీటిని రోగులచేత త్రాగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపునకు తగ్గాయి. ప్రేగులలో గ్లూకోజు తనతోపాటు ఉప్పును, ఆ వెంట నీటిని రక్తంలోనికి తీసుకొనిపోతుంది. నోటి మార్గం తక్కువది కాదనడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావాలి?

మార్గం ఎంత ముఖ్యమో, దానిని మార్చకుండుట కూడా అంత ముఖ్యం. పెద్దవారు మ్రింగలేకపోతున్నారని మాత్రను నూరి పెరుగన్నంలో కలిపి పెట్టే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉన్నది. పేరు చివర ఎస్.ఆర్., ఇ.ఆర్., ఎక్స్.ఎల్. వంటి అక్షరాలున్న మాత్రలు మెల్లమెల్లగా కరిగేటట్లు తయారైనవి. నూరితే రోజంతటికీ సరిపోవలసిన మందు ఒక్కసారిగా రక్తంలో చేరి, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవడం వంటివి జరుగవచ్చు. ఈ అక్షరాలు లేని మాత్రలలో కూడా నూరకూడనివి ఉన్నాయి. అదేవిధంగా, చర్మంపై అంటించే మందుపట్టీ మార్చేటప్పుడు పాతదానిని తప్పక తీసివేయాలి.

మ్రింగడం కష్టమైతే మందుల షాపులో ఫార్మసిస్టునడిగి, ద్రవరూపంలో దొరుకుతుందేమో తెలుసుకొనండి. ఆ ఒక్క ప్రశ్న మన ఇంటి పెద్దలను కాపాడవచ్చు.